వ్యాసర్పాడి నుంచి బీచి దాకా



పోయిన నెల మన పత్రికవాళ్ళు ఇంటికొచ్చినారు. "పెద్దాయనా, కష్టకాలంలో ఓర్చుకొని నిలబడేది ఎట్లాగో మన పిల్లలకు ఒక వ్యాసం రాసియ్యండి" అని అడిగినారు. నేను కార్పొరేషన్ బళ్ళో ఐదో తరగతి దాకా తెలుగు చదివినవాణ్ణి. బుద్ధులు చెప్పే చదువు నాకు లేదు. అదీగాక నిలబడిన కాలంలో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని దాచిపెట్టి ఇంకొకరికి చెప్పేదానికి నోరు రాదు. అందుకని ఒకరోజు నడిచిన నడక గురించి రాస్తాను.

ఆ రోజు 2023 మే 1, సోమవారం. నాతో నడిచింది మా మిల్లులో రింగ్ ఫ్రేము ఖాతాలో నా పక్క సందులో పనిచేసిన తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. నాకంటే మూడేండ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. పేరు రాయొద్దన్నాడు, రాయను. మేము పనిచేసిన మిల్లు పేరు కూడా రాయడం లేదు. మద్రాసులో మూతపడిన మిల్లులు ఒకటా రెండా.

ముందురోజు సాయంత్రం అతనే ఫోను చేసినాడు. "అన్నా, రేపటికి మే డే వందేండ్లంట. బీచికి పోయొద్దామా?" అన్నాడు. నిజమే. మన దేశంలో మొదటిసారి మే డే జరిపింది మన మద్రాసులోనే, 1923 మే 1న. జరిపింది సింగారవేలర్. ఆయన చేపలు పట్టే కులంలో పుట్టి వకీలైన మనిషి. ఒక సభ హైకోర్టు ఎదురు బీచిలో, ఇంకొకటి ట్రిప్లికేన్ బీచిలో పెట్టినాడు. ఎర్ర జెండాకు గుడ్డ లేకపోతే కూతురి ఎర్ర చీర చించినాడని అంటారు. అప్పటికి ఆయనకు 63 ఏండ్లు. మా ఇద్దరి వయసు కూడా ఇంచుమించు అంతే కాబట్టి ఆ లెక్క నాకు బాగా నచ్చింది.

"పోదాం. కానీ బిన్నీ మిల్లు మీదుగా పోదాం, పట్టాళం దాకా నడిచే పోదాం" అన్నాను.

తెల్లవారి ఐదున్నరకు వ్యాసర్పాడిలో బయల్దేరినాం. ఆ నెలలో తొమ్మిది దాటితే రోడ్డు మీద నిలబడలేం. అతని మోకాలు ఒకటి, నా మోకాళ్ళు రెండూ సరిగా లేవు. నాలుగు వీధులు నడవడం, ఎక్కడైనా అరుగుంటే కూర్చోవడం, మళ్ళీ లేవడం. ఇట్లా నడిచేవాళ్ళకు మాటలు ఎక్కువవుతాయి.

దారి చెప్పేముందు ఆ మిల్లు గురించి తెలియని పిల్లల కోసం కొంచెం చెప్పాలి. బకింగ్‌హాం మిల్లు 1876లో, కర్నాటిక్ మిల్లు 1881లో పెట్టినారు. రెండూ బిన్నీ కంపెనీవే. 1920లో రెండింటినీ కలిపి ఒకటి చేసినారు. అందుకే బి అండ్ సి మిల్లు అని పేరు. మనవాళ్ళు బిన్నీ మిల్లు అనే అనేవాళ్ళు. పట్టాళంలోనూ ఓట్టేరిలోనూ పులియంతోపులోనూ ఇండ్లన్నీ ఆ మిల్లు కూతకు లేచి, ఆ కూతకు పడుకునేవి. కూతను సంగు అనేవాళ్ళం. గడియారం ఉన్న ఇల్లు తక్కువ.

ఆ మిల్లు పక్కన అంగడి పెట్టుకున్న ఇద్దరు, సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు. వాళ్ళు వేంకటేశ గుణామృత వర్షిణి సభ అని భజన సభ ఒకటి నడిపేవాళ్ళు. మిల్లువాళ్ళు భజనకు వచ్చి, భజన అయినాక తమ కష్టాలు చెప్పుకునేవాళ్ళు. వాటిలో ముందు వినిపించింది జీతం కాదు, అన్నం. మధ్యాహ్నం అన్నం తినేదానికి అరగంటే ఇచ్చేవాళ్ళు. అరగంటలో చేయి కడుక్కోవాలి, వరుసలో నిలబడాలి, తినాలి, మళ్ళీ మిషను దగ్గర ఉండాలి. దాన్ని నలభై నిమిషాలు చేయమని అడిగినారు. పది నిమిషాలు! ఇట్లాంటి అడుగుల మీదనే 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. బి.పి. వాడియా దానికి అధ్యక్షుడు, తిరు.వి.క. ఆయనకు తోడు. పద్ధతిగా నడిచిన కార్మిక సంఘాల్లో దేశంలో ఇదే మొదటిదని చెబుతారు. భజన సభలో మొదలైందని మాత్రం మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఇంక దారి. వ్యాసర్పాడి నుంచి గణేశపురం సబ్‌వే కింద పడి అవతలికి పోతే పులియంతోపు. నాలుగు చినుకులు పడితే చాలు, ఆ సబ్‌వేలో బస్సు మునిగేంత నీళ్ళు నిలుస్తాయని ఇక్కడ ఉండేవాళ్ళకు చెప్పనక్కర లేదు. ఆ రోజు పొడిగానే ఉంది. సబ్‌వే ఎక్కి పైకి వచ్చి, మూసిన అంగడి మెట్టు మీద కూర్చున్నాం. అక్కడ కూర్చున్నప్పుడు నాకు మా అవ్వ గుర్తుకొచ్చింది.

మా తాత నెల్లూరు జిల్లా నుంచి వచ్చి కర్నాటిక్ మిల్లులో చేరినాడు. 1921లో పెద్ద సమ్మె జరిగింది. వేసవిలో మొదలైంది, అక్టోబరు దాకా సాగింది. అప్పటికి అవ్వకు పద్దెనిమిదేండ్లు, చంకలో ఒక బిడ్డ. నా చిన్నప్పుడు చాప మీద పడుకోబెట్టుకొని ఆ కథ చెప్పేది. మొదటి నెల అప్పు పుట్టిందంట. రెండో నెల ముక్కుపుడక సేటు కొట్టుకు పోయింది. మూడో నెలకు నూకల గంజి, అదీ ఒక పూట. తరువాత బిడ్డను తీసుకొని తాను ఊరికి పోయింది, తాత ఇక్కడే ఉన్నాడు. "పస్తు ఉండొచ్చురా, కానీ ఎన్నాళ్ళు ఉండాలో తెలీక ఉండలేం" అనేది.

ఆ కథలో ఒక రాత్రి ఉంది. ఊరికి పోకముందే, జూన్ ఆఖర్లో. పులియంతోపు వైపు ఆకాశం ఎర్రగా కనిపించిందంట. తాత చాలా పొద్దుపోయి ఇంటికి వచ్చినాడు. చొక్కా పొగ వాసన. అవ్వ నీళ్ళు పెట్టింది, ఏమీ అడగలేదు. నాకు కూడా అంతవరకే చెప్పింది. అంతకుమించి నేనూ అడగలేదు.

ఆ రాత్రి ఏం జరిగిందో పెద్దయినాక యూనియన్ మీటింగుల్లో తెలిసింది. సమ్మె మొదలైన కొన్ని వారాలకు ఆది ద్రావిడులు తిరిగి పనిలోకి పోయినారు. సమ్మెలో మిగిలిన కులాల వాళ్ళకూ ముస్లింలకూ వాళ్ళ మీద కోపం వచ్చింది. రాళ్ళు పడినాయి, కొట్లాటలైనాయి. పులియంతోపులో ఆది ద్రావిడుల గుడిసెలు తగలబెట్టినారు. ప్రభుత్వం వాళ్ళను తీసుకుపోయి వ్యాసర్పాడిలో శిబిరం వేసి ఉంచింది. ఆగస్టు 29న పోలీసులు కాల్చినారు, మనుషులు చచ్చిపోయినారు. అక్టోబరులో సమ్మె ముగిసింది. ఏమీ గెలవలేదు.

ఈ కథ నేను తమ్ముడికి అంతవరకూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేదానికి కారణం ఉంది, చెప్పకపోయేదానికీ కారణం ఉంది. తమ్ముడిది ఆది ఆంధ్ర కుటుంబం. వాళ్ళ తాత కూడా ఆ మిల్లులోనే పని. ఆ పొగ చొక్కా సంగతి ఆ మెట్టు మీద కూర్చొని చెప్పేసినాను.

కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "అన్నా, మా ఇంట్లో ఈ కథ ఇట్లా చెప్పరు" అన్నాడు.

"ఎట్లా చెప్తారు?"

"మీ తాతకు ఊళ్ళో కాస్త నేలుండె. అవ్వను, బిడ్డను ఊరికి పంపినాడు. మా తాత ఎక్కడికి పంపాల? నేలున్నోళ్ళ కాడ వెట్టి చెయ్యలేకనే కదా మిల్లుకు వచ్చింది. మీకు సేటు ముక్కుపుడక మీద ఇచ్చినాడు. మా అవ్వకు ముక్కుపుడకే లేదు. మీ మూడో నెల మాకు మూడో వారానికే వచ్చింది."

నేను నా జన్మలో ఆ లెక్క వేయలేదు. అందరికీ ఒకటే రోజున జీతం ఆగింది కాబట్టి అందరి ఆకలీ ఒకటే అనుకున్నాను. మా అవ్వ కథ వంద సార్లు విన్నాను, తిరగేసి ఒక్కసారి వినలేదు.

లేచి పట్టాళం మీదుగా స్ట్రాహాన్స్ రోడ్డుకు పోయినాం. బిన్నీ మిల్లు 1996లో మూతపడింది. తరువాత చాలా ఏండ్లు ఆ షెడ్లలో సినిమా షూటింగులు జరిగినాయి. విలన్ల కొట్లాటలు ఎక్కువగా అక్కడే తీసేవాళ్ళు. ఇప్పుడు ఆ నేల మీద పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఎన్ని అంతస్తులో లెక్కపెట్టబోయి మెడ నొప్పి పుట్టి వదిలేసినాం. "ఇక్కడ ఒక ఇల్లు కొనాలంటే మనం ఎన్ని జన్మలు బాబిన్లు మార్చాలన్నా?" అన్నాడు తమ్ముడు. పోలీసులకు, మిలిటరీకి, బడి పిల్లలకు ఖాకీ గుడ్డ నేసిన చోటు. నా బడి నిక్కరు కూడా ఆ గుడ్డే. చిరగదు, వెలిసిపోదు. తమ్ముళ్ళిద్దరూ అదే నిక్కరు వేసుకున్నారు.

గోడ పక్కన నిలబడితే ఏ శబ్దమూ లేదు. మిల్లులో పనిచేసినవాళ్ళకు ఆ నిశ్శబ్దం బాగుండదు. చదివే పిల్లల్లో చాలామంది రింగ్ ఫ్రేము చూసుండరు. పొడుగాటి మిషను, రెండు పక్కలా వందల కదుళ్ళు తిరుగుతుంటాయి. రెండు ఫ్రేముల నడుమ సందులో షిఫ్టంతా మనిషి నడుస్తూనే ఉండాలి. ఎక్కడ దారం తెగిందో చూసుకోవాలి. ఒక దారం తెగిందని మిషను ఆపరు. ఆ ఒక్క కదురును మోకాలితో ఆపి, బాబిన్ మీద తెగిన కొసను వెతికి, ట్రావెలర్ అనే గోరంత ఉక్కు కొక్కెంలో దూర్చి, పైన రోలర్ల నుంచి వస్తున్న దూది పోగుకు తాకించాలి. మెలికలో అదే అతుక్కుంటుంది. ముడి ఉండదు. చేయి తిరిగినవాళ్ళకు కన్ను మూసి తెరిచే లోపల అయిపోయేది. ఆ అతుకు వేసీ వేసీ మా బొటనవేలు, చూపుడువేలు నున్నగా అరిగిపోయినాయి. ఆ అరుగుదల సంగతి తరువాత వస్తుంది.

అక్కడ టీ అంగట్లో టీ తాగినాం. ఇంక నా తప్పు చెప్పాలి.

మా మిల్లు గేటు 1997లో మూసేసినారు. ఒకరోజు పొద్దున షిఫ్టుకు పోతే గేటుకు తాళం, గోడకు కాగితం. నేను పంతొమ్మిదేండ్లు చేసినాను, బదిలీగా చేరి పర్మనెంటు అయినవాణ్ణి. మొదటి వారం అందరం గేటు ముందు కూర్చున్నాం. రెండో వారం ఇండ్లలో గొడవలు మొదలైనాయి. అప్పుడు మాలో ఒక పెద్ద మేస్త్రీ, రిటైరైన మనిషి, వచ్చి తిట్టినాడు. "అందరూ ఈడ కూర్చుంటే అందరి పొయ్యీ ఆరిపోతాది. వంతులు పెట్టుకోండ్రా" అన్నాడు. రోజుకు పదిమంది గేటు ముందు, మిగిలినవాళ్ళు ఏ పని దొరికితే ఆ పనికి. పనికి పోయి సంపాదించినవాడు ఇంటికి పోతా గేటు దగ్గర డబ్బాలో ఒక గ్లాసు బియ్యం వేయాలి. బాగా చితికిపోయిన ఇంటికి ఆ బియ్యం పోవాలి. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు బియ్యం వేసినారు, ఎవరికి ఇచ్చినాం అని నోటు పుస్తకంలో రాసేవాళ్ళం. రాత వచ్చినవాణ్ణి కాబట్టి ఆ పుస్తకం నా చేతిలో పెట్టినారు.

పధ్నాలుగు నెలలు అట్లా నడిపినాం. ఇప్పుడు ఉద్యోగాలు పోయిన పిల్లలు నన్ను అడిగితే నేను చెప్పగలిగింది ఆ డబ్బా సంగతి, వంతుల సంగతి. ధైర్యం, మనోబలం అని మీటింగుల్లో అందరూ చెప్తారు. అవి లేవని కాదు. కానీ రేపు నా వంతు కాదు, రేపు పనికి పోవచ్చు అని తెలిస్తే ఈ రోజు గేటు ముందు కూర్చునేదానికి ఒళ్ళు ఒప్పుకుంటుంది.

నేను కోయంబేడు మార్కెట్‌కు పోయినాను. కొత్తవాల్‌చావడి నుంచి మార్కెట్ అక్కడికి మారి అప్పటికి ఏడాదే. రాత్రి ఒంటి గంటకు పోతే మదనపల్లె వైపు నుంచి టమోటా లారీలు వచ్చేవి. డ్రైవర్లు తెలుగువాళ్ళు, భాష తెలిసినవాణ్ణని ముందు నన్నే పిలిచేవాళ్ళు. బాక్సులు దించి, పొద్దున ఎనిమిదికి ఇంటికొచ్చి, వంతు ఉంటే గేటుకు పోయేది. మా ఆవిడ ఇంటి ముందు ఇడ్లీ పెట్టింది, మధ్యాహ్నం పూలు కట్టింది. చీటీ పాట రెండు నెలలు కట్టలేక చీటీ అక్క ముందు తల దించుకున్నాం. మీటర్ వడ్డీకి కూడా తీసుకున్నాను, అది చేయకూడదు, చేసినాను. తొమ్మిదో తరగతి చదివే పెద్ద కూతురు ఇడ్లీ పిండి రుబ్బేదానికి బడి మానేసింది. నేను మానమనలేదు, మానొద్దని కూడా అనలేదు. నేను గేటు ముందు పట్టుదలగా కూర్చున్నానని అందరూ మెచ్చుకున్నారు. దాని ఖర్చులో పెద్ద పాలు కట్టింది ఆ బిడ్డ.

పదో నెలలో మేనేజ్‌మెంటు ఒక సెటిల్‌మెంటు మొత్తం చెప్పింది. సంతకం పెట్టినవాళ్ళకు వెంటనే ఇస్తామన్నారు. తక్కువ డబ్బు. ఎవరూ పెట్టకూడదని మాట అనుకున్నాం. మొదట పెట్టిన ఏడుగురిలో తమ్ముడొకడు.

మరుసటి రోజు గేటు దగ్గర అందరి ముందరా నేను అతన్ని ఒక మాట అన్నాను. "మీవాళ్ళు అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే" అన్నాను. అప్పుడు అంటే 1921 అని అతనికి తెలుసు. అక్కడున్న సగం మందికి తెలుసు. మిగిలిన ఆరుగురిలో నా కులంవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళను ఆ మాట అనలేదు. తరువాత నోటు పుస్తకం తీసి అతని పేరు కొట్టేసినాను. డబ్బా బియ్యం ఆ ఇంటికి పోకూడదని. అతను ఏమీ అనకుండా పోయినాడు.

పంతొమ్మిదేండ్లు మాటల్లేవు. నాలుగు వీధుల అవతల ఇల్లు. ఎదురుపడితే అతను ఒక పక్కకు, నేను ఒక పక్కకు.

ఇంక మాకు వచ్చిందెంత? చివరిదాకా నిలబడినవాళ్ళకు డబ్బు వచ్చింది, కానీ ముక్కలు ముక్కలుగా, చాలా ఏండ్లకు. వడ్డీలు, కూతురి చదువు, అవన్నీ పక్కన పెట్టి చూస్తే తమ్ముడికంటే ఎక్కువే వచ్చింది. అవన్నీ కలిపి చూస్తే ఆ లెక్క నాకు తేలదు. చాలా రాత్రులు వేసినాను. బొంబాయిలో 1982 జనవరిలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగినారు, వాళ్ళలో మన తెలంగాణ నేతన్నలు కూడా చాలామంది. ఆ సమ్మెను ఈ రోజుకీ ఎవరూ అధికారికంగా విరమించలేదు. మిల్లులే పోయినాయి. అది గెలుపా ఓటమా అని ఎవర్ని అడిగినా నాలాగే లెక్క వేస్తారు.

మళ్ళీ ఎట్లా మాట్లాడుకున్నామో చెప్తాను. మిల్లు పింఛను వచ్చేవాళ్ళు ఏడాదికోసారి బతికున్నామని చూపించాలి కదా. ముందు కాగితం ఉండేది, తరువాత వేలిముద్ర మిషను వచ్చింది. 2017 నవంబరులో ఆ క్యూలో నిలబడినాను. నా వేలు మిషనుకు పట్టలేదు. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. అక్కడి పాప విసుక్కుంది. గీతలుంటే కదా పట్టేది! వెనకాల క్యూలో గొణుగుతున్నారు. బతికున్న మనిషిని, బతికున్నానని చూపించలేక నిలబడినాను. అప్పుడు వెనక నుంచి గొంతు వినిపించింది.

"అన్నా, వేలు తడిగుడ్డతో తుడువు. బొటనవేలు వద్దు, ఉంగరం వేలు పెట్టు. దాంతో మనం దారం పట్టలేదు."

ఉంగరం వేలు పట్టింది. బయటికొచ్చి అతని కోసం నిలబడినాను. అతనిది కూడా ఉంగరం వేలే. ఇద్దరం టీ తాగినాం. ఆ రోజు ఆ మాట గురించి నేనేమీ అనలేదు, అతనూ అనలేదు. తరువాత ఆరేండ్లు అట్లానే గడిచినాయి. మోకాళ్ళ మాటలు, మనవళ్ళ మాటలు.

స్ట్రాహాన్స్ రోడ్డు టీ అంగట్లో, ఈ మే డే నాడు, అన్నాను. "తమ్ముడూ, గేటు కాడ ఆ మాట నేను అనుండకూడదు."

గ్లాసు కింద పెట్టినాడు. "మాట పోనీన్నా. అట్లాంటి మాటలు పుట్టినప్పటి నుంచి వింటానే ఉన్నాం. పేరు కొట్టేసినావు చూడు, ఆ వారం మా ఇంటామెకు కిడ్నీ పాడై ఆసుపత్రిలో ఉండె. సంతకం అందుకే పెట్టినాను. ఎందుకు పెట్టినావురా అని నువ్వు అడుగుతావనుకున్నా. నువ్వు అడిగుంటే చెప్పేవాణ్ణి."

ఆమె ఆ మరుసటి ఏడాదే పోయింది. నాకు తెలుసు, చావుకు నేను పోలేదు.

దీనికి ఏం జవాబు చెప్పాలి? టీ డబ్బులు నేనిచ్చినాను. అతను వద్దనలేదు.

పట్టాళంలో బస్సెక్కి, సెంట్రల్ దగ్గర మారి చేపాక్కంలో దిగినాం. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు, మేము మాత్రం టికెట్టు తీసుకున్నాం. దిగేటప్పటికి ఎండ ఎక్కేసింది. కార్మికుల బొమ్మ దగ్గర ఎవరో దండలు వేసి పోయినారు. మద్రాసుకు వచ్చిన మన చుట్టాలందరికీ మనం చూపించే బొమ్మే. నలుగురు మనుషులు పెద్ద బండను కదిలిస్తుంటారు. చేసినవాడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి, ఎగ్మూరు దగ్గర బొమ్మల కాలేజీకి ప్రిన్సిపాల్. 1959 జనవరి 25న పెట్టినారు. దానికి నమూనాగా నిలబడినవాళ్ళలో ఆ కాలేజీ రాత్రి కాపలా మనిషి ఒకడని చెబుతారు. నేను కూడా తరువాత పదకొండేండ్లు రాత్రి కాపలా చేసినవాణ్ణే కాబట్టి ఎప్పుడు పోయినా, వీళ్ళలో ఎవరు మనవాడు అని చూస్తుంటాను.

తమ్ముడు చాలాసేపు చూసినాడు. "1959 నుంచి తోస్తానే ఉండారు. వీళ్ళకు అన్నం బెల్లు ఎప్పుడు కొడతారో" అన్నాడు.

"నలభై నిమిషాలు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. పక్కన ఫోటో తీసుకుంటున్న పిల్లలు మమ్మల్ని విచిత్రంగా చూసినారు.

ఇసుకలో నడిచే ఓపిక లేదు. గట్టు మీదనే కూర్చొని సింగారవేలర్ సభ పెట్టిన బీచి ఎటువైపు ఉండొచ్చో చూసినాం. సుండల్ అమ్మే పిల్లవాడు పొద్దున పూట ఉండడు, బఠాణీల పొట్లం దొరికింది. అతని పళ్ళకు అవి గట్టివి, ఊరికే చప్పరించినాడు. పదకొండుకు తిరుగు బస్సు ఎక్కినాం. అతను కిటికీకి తల ఆనించి నిద్రపోయినాడు. పట్టాళం దాటేటప్పుడు లేపుదామనుకొని లేపలేదు.

ఇంటికొచ్చి ఆ నోటు పుస్తకం కోసం పెట్టె అంతా వెతికినాను. ఎలుకలు కొరికిన అంచులతో దొరికింది. అతని పేరు మీద నా గీత అట్లానే ఉంది, నీలం సిరా. ఎందుకు వెతుకుతున్నావని కూతురు అడిగింది. ఇడ్లీ అంగడి ఇప్పుడు దానిదే. చూపించి చెప్పినాను. అది చదివి, "ఆ చిన్నాయన ఇంటికి అప్పుడు అమ్మ రోజూ ఇడ్లీ పంపేది, నేనే తీసుకుపోయి ఇచ్చేదాన్ని. నీకు చెప్పొద్దనింది" అన్నది.

మా ఆవిడను అడిగినాను. "పిల్లలుండే ఇల్లు, నీ పుస్తకం చూసి పంపేదా?" అని పూలు కట్టుకుంటానే అన్నది.

ఆ ఏడు నవంబరులో మేమిద్దరం మళ్ళీ క్యూలో నిలబడినాం. అతని ఉంగరం వేలు కూడా పట్టలేదు. నాది పట్టింది. కన్ను చూసే మిషను ఇంకో చోట ఉందంటే, నా పని అయిపోయినా, అతనితో అక్కడికి పోయినాను.